తాళంచెవి ఎవరి జేబులో ఉంది?

రేకుల షెడ్డు కింద గోడ మీద నీలం పెయింటుతో, కొంచెం వంకరగా ఒక మాట రాసి ఉంటుంది: ‘వాహనాలకు జరిగే నష్టానికి యాజమాన్యం బాధ్యత వహించదు’. ఆఫీసు, ఫ్యాక్టరీ, ప్రైవేటు స్కూలు, ఆసుపత్రి... ఎక్కడ బండి పెట్టినా దాదాపు ఇదే మాట. ఏళ్ల తరబడి దాని కిందే బండి పెట్టి తీసేవాళ్లు కూడా దాన్ని పూర్తిగా చదివి ఉండరు. సొట్ట పడ్డ రోజున మాత్రం వాచ్‌మన్ వేలెత్తి చూపిస్తాడు. "రాసే ఉంది కద సార్!"

రాసి ఉంటే అయిపోయినట్టేనా?

జనగామలో ఒక ఆఫీసు అనుకుందాం. సాయంత్రం ఐదున్నర. జూనియర్ అసిస్టెంట్‌గా పనిచేసే ఒకామె బ్యాగు భుజాన వేసుకుని స్టాండుకు వచ్చేసరికి తన స్కూటీ పక్కకు ఒరిగి పడి ఉంది. అద్దం పగిలి ముక్కలు నేల మీద ఉన్నాయి. బ్రేకు లివరు వంగింది.

"ఎవరు పడేసిన్రు అన్నా?"

"నేను చూడలే మేడం. పగటీలి కోతులు తిరిగినయి."

కోతులు! జనగామ వైపు కోతుల మీద మోపని నేరం లేదు. సీటు కవరు చింపేవి అవే, అద్దం తిప్పుకుని మొఖం చూసుకునేవి అవే, నిజమే. కానీ స్కూటీ పక్కభాగం మీద జానెడు పొడవున ఎర్ర గీత పెట్టి పోయే కోతి ఇంకా పుట్టలేదు. ఆమె బండి తెలుపు. గీత ఎరుపు. అంటే పక్కన ఎర్రబండి ఏదో ఉండి, తీసేటప్పుడు దీన్ని ఒరుసుకుంటూ పోయింది.

ఇలాంటప్పుడు చాలామంది వరసగా మూడు పనులు చేస్తారు. వాచ్‌మన్‌ను తిడతారు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ‘కళ్లు కనపడనోళ్లు బండ్లు నడపొద్దు’ అని ఒక మెసేజ్ పెడతారు. ఆ కోపంతోనే మెకానిక్ దగ్గరికి పోయి అద్దం మార్పించుకుంటారు. మూడో పని అయ్యేసరికి ఉన్న ఆధారం కాస్తా మెకానిక్ షెడ్డు చెత్తలో కలిసిపోతుంది, చేతిలో బిల్లు మిగులుతుంది. మీరూ ఇదే చేసి ఉన్నారా? సిగ్గుపడాల్సిందేమీ లేదు, అందరూ చేసేదే. ఈసారి ఇంకోలా చేసి చూడండి.

1. బోర్డును కాదు, తాళంచెవిని చూడండి

1998 ఆగస్టు 1 రాత్రి, పదకొండు గంటల వేళ. ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటల్‌కు ఒక అతిథి మారుతీ జెన్ కారులో వచ్చాడు. తాళంచెవి హోటల్ మనిషి చేతిలో పెట్టి, చీటీ తీసుకుని లోపలికి వెళ్లాడు. ఒంటిగంటకు బయటికొస్తే కారు లేదు, మరెవరో తోలుకుపోయారు. చీటీ మీద మాత్రం మన రేకుల షెడ్డు మాటే కొంచెం మర్యాదగా ఉంది: పార్కింగ్ అతిథి సొంత పూచీ మీదే, నష్టం జరిగితే హోటల్‌కు సంబంధం లేదు. ఈ కేసు వినియోగదారుల కమిషన్లు దాటి సుప్రీంకోర్టులో 2019 నవంబర్ 14న తేలింది. తాళంచెవి పుచ్చుకుని బండిని తన స్వాధీనంలోకి తీసుకున్నాక, తన మనుషుల నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికి చీటీ మీది షరతును అడ్డం పెట్టుకుని హోటల్ తప్పించుకోలేదని జస్టిస్ మోహన్ శాంతనగౌడర్, జస్టిస్ అజయ్ రస్తోగీ చెప్పారు. పార్కింగ్ ఉచితమే కదా అన్న వాదన కూడా నిలవలేదు. ఆ ఖర్చు గది అద్దెలోనో భోజనం బిల్లులోనో కలిసే ఉంటుంది.

దీని వెనక ఉన్నది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ఒకరి వస్తువును మళ్లీ తిరిగిచ్చే ఒప్పందం మీద ఇంకొకరు స్వాధీనం చేసుకుంటే, మామూలు తెలివి గల మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలని 151వ సెక్షన్ అంటుంది. లాయర్లు ఈ సంబంధాన్ని బెయిల్‌మెంట్ అంటారు.

ఇప్పుడు మీ ఆఫీసు సంగతి. పొద్దున బండి మీరే పెట్టారు. హ్యాండిల్ లాక్ మీరే వేశారు. తాళంచెవి మీ జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో ఉంది. అంటే సంస్థ మీకు జాగా ఇచ్చింది, బండిని మాత్రం చేతిలోకి తీసుకోలేదు. తాజ్ కేసు పేపర్ కటింగు పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఇంగ్లండులో 1937లోనే ఇలాంటి తీర్పు ఒకటి వచ్చింది. సముద్రపు ఒడ్డు ఊళ్లో ఒకాయన ఒక షిల్లింగు కట్టి కారు పెట్టుకున్నాడు, దొంగ వచ్చి తోలుకుపోయాడు. డబ్బు తీసుకున్నది జాగా వాడుకోనిచ్చినందుకే తప్ప కారును కాపలాలోకి తీసుకున్నందుకు కాదని అక్కడి కోర్టు అంది.

మరి మీ దగ్గర తాళంచెవులు వాచ్‌మన్‌కే ఇచ్చి పోయే పద్ధతి ఉందా? జాగా చాలక, బండ్లు ఒకదాని వెనక ఒకటి పెట్టి, ‘తాళాలు ఇక్కడ వదలండి, మేం జరుపుకుంటాం’ అంటున్నారా? అయితే కథ మారింది. అక్కడ సొట్ట పడితే, బోర్డు ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా, సంస్థ జవాబు చెప్పాల్సిందే.

2. జాగా ఇచ్చారు సరే, ఎట్లాంటి జాగా?

తాళంచెవి మీ దగ్గరే ఉన్నా సంస్థ పూర్తిగా చేతులు దులుపుకోలేని సందర్భం ఒకటుంది. ఆవరణ దానిది. పచ్చగా ఉన్న వేపచెట్టు పెద్ద గాలిదుమారానికి విరిగి కారు మీద పడితే ఎవర్నీ ఏమీ అనలేం. అదే చెట్టుకు ఎండిన కొమ్మ నాలుగు నెలల నుంచి వేలాడుతోందని సిబ్బంది రాసిచ్చినా పట్టించుకోలేదనుకోండి, అప్పుడది గాలి తప్పు కాదు. ఊడొచ్చిన రేకు, మూత లేని మ్యాన్‌హోల్, చీకట్లో ఆనవాలు లేని గుంత, అన్నీ ఇదే లెక్క. ప్రశ్న ఒక్కటే: ప్రమాదం ఉందని వాళ్లకు ముందే తెలుసా? తెలుసని చూపించేది మీరు అంతకుముందు ఇచ్చిన కాగితం. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు ఎవరికీ గుర్తుండదు.

3. గుద్దింది ఎవరు? ఏ పని మీద ఉండి?

భూపాలపల్లి వైపు రండి. ఒకపక్క సింగరేణి కాకతీయ గనులు, ఇంకోపక్క చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం. ఊరంతా షిఫ్టుల మీద నడుస్తుంది. బాయి మీద, అంటే గనిలో, పనిచేసే మనిషికి బండి విలాసం కాదు. రాత్రి షిఫ్టుకు బస్సు కోసం చూస్తే మస్టర్ పోతుంది.

ఒక దృశ్యం ఊహించుకోండి. ఏ గని, ఏ ప్లాంటు అన్నది వదిలేయండి. తెల్లారుజామున షిఫ్టు దిగిన మనిషి స్టాండుకొచ్చి చూస్తే వరసలో పది బండ్లు ఒకదాని మీద ఒకటి వాలిపోయి ఉన్నాయి. కొసన ఉన్న బండి వెనక మడ్‌గార్డు చప్పిడైంది. రాత్రి ఒక కాంట్రాక్టు టిప్పరు రివర్స్ చేసుకుంటూ వచ్చి కొసబండిని తాకింది. మిగతా తొమ్మిదీ పేకముక్కల్లా పడ్డాయి. అడిగితే కంపెనీ కాంట్రాక్టరు వైపు, కాంట్రాక్టరు డ్రైవరు వైపు, డ్రైవరు ఆకాశం వైపు చూస్తారు.

చట్టం చూసే వైపు వేరు. డ్రైవరు ఆ సమయంలో ఎవరి పని మీద ఉన్నాడు? కాంట్రాక్టరు పని మీద బండి తోలుతూ నిర్లక్ష్యంగా గుద్దితే, డ్రైవరుతో పాటు అతన్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరూ బాధ్యుడే. ప్రభుత్వానికీ ఇందులో మినహాయింపు లేదు. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ కలెక్టరు వాడుకునే జీపును రిపేరు షెడ్డు నుంచి తెస్తూ డ్రైవరు ఒక పాదచారిని గుద్ది చంపిన కేసులో, రాష్ట్ర ప్రభుత్వమే పరిహారం కట్టాలని 1962లో సుప్రీంకోర్టు తేల్చింది. విద్యావతి కేసుగా లా విద్యార్థులందరికీ అది తెలుసు. కాబట్టి కలెక్టరేట్ ఆవరణలో ఏదైనా శాఖ జీపు మీ కారును రాసుకుంటూ పోతే ‘సర్కారు బండి, ఏం చేస్తాం’ అని ఊరుకోనక్కర్లేదు. దావా దాకా పోవాల్సి వస్తే మాత్రం ప్రభుత్వానికి రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ మాట సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్‌లో ఉంది.

అదే మీ పక్కసీటు సహోద్యోగి ఇంటికి పోతూ తన బండితో మీ బండిని తాకితే? అతను ఆ క్షణాన కంపెనీ పని మీద లేడు. బాధ్యత అతనిది, కంపెనీది కాదు. ఎక్కువ సొట్టలు ఈ రకంవే. ఎక్కువ గొడవలు కూడా ఇక్కడే.

ఇంకో పొరపాటు తరచూ వినిపిస్తుంది. ‘డ్యూటీలో ఉండగా జరిగింది కాబట్టి కంపెనీ కట్టాలి.’ డ్యూటీలో గాయపడిన కార్మికుడి కోసం ఉన్న పరిహార చట్టం ఒళ్లుకు తగిలిన దెబ్బ గురించి. బండికి తగిలిన దెబ్బ దాని కిందికి రాదు.

4. మొదటి అరగంట

ఇప్పుడు మళ్లీ జనగామ. తెల్ల స్కూటీ ఇంకా నేల మీదే ఉంది.

లేపకండి. ముందు ఫోన్ తీయండి. దూరం నుంచి ఒక ఫొటో: స్టాండులో ఏ వరసలో, ఏ స్తంభం పక్కన ఉందో తెలిసేలా. దగ్గర నుంచి ఇంకొకటి: ఎర్ర గీత. మూడో ఫొటోకు ముందు బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, గీత పక్కన నేల నుంచి టేపో స్కేలో పెట్టండి. ఎందుకంటే గీత ఎత్తు మాట్లాడుతుంది. ఇంకో బండి ఫుట్‌రెస్టు కొస గీసిన గీత ఒకచోట ఉంటుంది, హ్యాండిల్ కొస గీసింది ఇంకోచోట ఉంటుంది, కారు బంపర్ తాకింది మరోచోట. రేపు ఎర్రబండి దొరికితే దాని ఏ భాగం అదే ఎత్తులో ఉందో, అక్కడ తెల్ల పెయింటు మరక ఉందో లేదో చూసుకోవచ్చు. ఆమె ఫొటోలో గీత నేల నుంచి ముప్పై అంగుళాల ఎత్తున ఉందనుకోండి. అంత ఎత్తు అంటే మామూలుగా కారు బంపర్‌కు పైన. అంటే గుద్దింది కారు బంపర్ కాకపోవచ్చు, ఇంకో టూవీలరే అయ్యుండొచ్చు. వెతకాల్సిన బండ్లు సగానికి సగం తగ్గిపోయాయి.

ఆ తర్వాత వాచ్‌మన్. ఆయన మీద అరిస్తే ఆయనకు గుర్తున్నది కూడా మర్చిపోతాడు. "నిన్నేం అంటలే అన్నా. భోజనానికి పోయేటప్పుడు బండి మంచిగనే ఉండె. ఆ తర్వాత ఎర్రబండి ఏదైన వచ్చిందా?" అని అడిగి చూడండి. ఔట్‌సోర్సింగ్ మీద వచ్చే ఆ మనిషి జీతమే అంతంత మాత్రం. మీ కోపానికి ఆయన జీతంలో కోత పెట్టిస్తే నష్టం తీరదు. ఆయన పొరపాటు తేలకుండా, ఆయన మాట వినకుండా అలా కోయడానికి వేతన చట్టం కూడా ఒప్పుకోదు.

కెమెరా ఉందా? ఉంటే గడియారం మొదలైనట్టే. రికార్డరులో జాగా నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కిపోతాయి. కొన్నిచోట్ల నెల నిలుస్తాయి, చిన్న డిస్కు ఉన్నచోట వారం పది రోజులే. ‘సీసీటీవీ చూపించండి’ అని అడిగితే ఎవరూ ఏడు గంటల దృశ్యం కూర్చుని చూడరు. ‘మధ్యాహ్నం 1:40 నుంచి 5:30 వరకు, మూడో స్తంభం వైపు కెమెరా’ అని అడిగితే అరగంటలో తేలుతుంది. సమయాన్ని ఎంత కుదిస్తే అంత మంచిది. టీ తాగడానికి బయటికొచ్చినవాళ్లను అడగండి, బండి నిలబడి ఉండగా చివరిసారి ఎప్పుడు చూశారో.

గ్రూపులో మెసేజ్ పెట్టాలనిపిస్తే పెట్టండి, కానీ ఇలా: ‘ఈరోజు మధ్యాహ్నం నా తెల్ల స్కూటీ స్టాండులో పడి ఉంది. ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు.’ పేరు రాసి నింద వేశాక అది తప్పని తేలితే, అద్దం కన్నా పెద్దది ఇంకోటి పగులుతుంది. రేపు మళ్లీ ఆ మనిషి ముందే ఫైలు పెట్టాలి.

5. మానుకోట స్టేషన్ దగ్గర లెక్క వేరు

మహబూబాబాద్‌ను పాతవాళ్లు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. అక్కడి నుంచి వరంగల్ వైపో సికింద్రాబాద్ వైపో ఉద్యోగానికి పోయేవాళ్లు బండి స్టేషన్ స్టాండులో పెట్టి గోల్కొండో కృష్ణానో ఎక్కుతారు. జనగామలోనూ ఇదే తంతు. వీళ్లు రోజూ డబ్బు కడతారు, టోకెన్ తీసుకుంటారు, సాయంత్రం టోకెన్ చూపిస్తేనే బండి బయటికొస్తుంది.

ఇక్కడ మీరు ఉద్యోగి కాదు, వినియోగదారు. ఉచితంగా ఇచ్చిన సేవ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రాదు, అందుకే ఆఫీసు ఫ్రీ పార్కింగ్ మీద కమిషన్‌కు వెళ్లడం కష్టం. డబ్బు కట్టిన స్టాండు మీద వెళ్లొచ్చు. టోకెన్ లేనిదే బండి వదలని పద్ధతి ఉందంటే, బండిని వాళ్లు తమ కాపలాలోకి తీసుకున్నారని చెప్పడానికి అది గట్టి ఆధారం. ఫిర్యాదుకు రెండేళ్ల గడువు. చెల్లించిన విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో వేయొచ్చు, మీరుండే జిల్లా పరిధిలోనే వేయొచ్చు. ముందుగా 1915కు ఫోన్ చేసి మాట్లాడుకోవచ్చు.

ఒక్కటే చిక్కు. బండి చేతికి రాగానే టోకెన్ ఇచ్చేస్తాం. సొట్ట చూసిన వెంటనే, టోకెన్ ఇవ్వకముందే, టోకెన్ నంబరు, బండి, సొట్ట మూడూ ఒకే ఫొటోలో పడేలా తీసుకోండి.

6. వాన తెచ్చిన నష్టం

2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని ముంచేసింది. మనుషుల్ని కాపాడటానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఏడాది తిరిగాక, 2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన వానకు మహబూబాబాద్ జిల్లా అతలాకుతలమైంది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలుపట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. అలాంటి వానలో ఆఫీసు ఆవరణలో బండి మునిగితే సంస్థను నిలదీయడం న్యాయం కాదు. ప్రతి వానకూ నీళ్లు నిండుతాయని తెలిసిన సెల్లార్‌లోనే పెట్టాలని హుకుం జారీ చేస్తే తప్ప.

కానీ ఒక తప్పు బండి ఓనర్లే చేస్తారు. నీళ్లు తీయగానే ‘స్టార్ట్ అవుతుందా చూద్దాం’ అని సెల్ఫ్ కొడతారు. ఇంజన్‌లోకి పోయిన నీళ్లు అప్పుడు లోపలి కనెక్టింగ్ రాడ్లను వంచేస్తాయి. వరద నష్టం సమగ్ర పాలసీలో ఉంటుంది. మునిగిన బండిని స్టార్ట్ చేయడం వల్ల పాడైన ఇంజన్‌కు మాత్రం విడిగా ఇంజన్ ప్రొటెక్ట్ తీసుకుంటే తప్ప బీమా కంపెనీలు డబ్బివ్వవు. ఫొటో తీసి, బ్యాటరీ వైరు పీకించి, తోయించుకుని పోవడమే మంచిది.

7. ‘ఇన్సూరెన్స్ ఉంది కద’ అనేముందు

పాలసీ కాగితం తీసి చూడండి. టూవీలర్లలో చాలావాటికి ఉన్నది థర్డ్ పార్టీ ఒక్కటే. అది మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి. మీ బండికి సొట్ట పడితే పైసా రాదు.

సమగ్ర పాలసీ ఉన్న కారనే అనుకుందాం. అయినా ప్రతి గీతకూ క్లెయిమ్ వేయాలా? లెక్క చూడండి. పార్కింగ్‌లో బంపర్ పగిలింది. బిల్లు 7,000. అందులో బంపర్ 4,000, పెయింటు 2,000, కూలి 1,000. బంపర్ ప్లాస్టిక్, దాని మీద సగం తరుగు తీసేస్తారు: 2,000 పోయింది. పెయింటు బిల్లులో నాలుగో వంతును సరుకు ఖరీదుగా లెక్కగట్టి దాంట్లో సగం తీస్తారు: ఇంకో 250. మిగిలిన 4,750లో 1,500 సీసీ లోపు కారుకైతే తప్పనిసరిగా మీరు భరించాల్సిన 1,000 కోత. చేతికొచ్చేది 3,750.

ఇప్పుడు రెండోవైపు. క్లెయిమ్ వేయని ఏళ్లకు నో క్లెయిమ్ బోనస్ 20, 25, 35, 45, 50 శాతం చొప్పున పెరుగుతుంది. మీ సొంత డ్యామేజీ ప్రీమియం బోనస్ లేకుండా 9,000 అనుకుంటే, యాభై శాతం మెట్టు మీదున్నవాళ్లు కట్టేది 4,500. ఒక్క క్లెయిమ్‌తో అది మళ్లీ 9,000. అంటే 3,750 తెచ్చుకుని వచ్చే ఏడే 4,500 వదులుకున్నారు. ఆ పైఏడు కూడా బోనస్ 20 దగ్గర్నుంచే మొదలు. అలాంటప్పుడు గుద్దిన సహోద్యోగి సగం ఇస్తానన్నా తీసుకోవడం తెలివైన పని. చెట్టు పడి టాపు నలిగితే మాత్రం రెండో ఆలోచన లేకుండా క్లెయిమ్ వేయండి. సర్వేయరు చూడకముందు రిపేరు చేయించకండి. ‘రోడ్డు మీద జరిగిందని చెబితే తొందరగా వస్తుంది’ అనే సలహా ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ అబద్ధం బయటపడితే నిజమైన క్లెయిమ్ కూడా పోతుంది.

టిప్పరు కేసు సంగతి? టిప్పరు థర్డ్ పార్టీ పాలసీలో ఎదుటివాళ్ల ఆస్తి నష్టం కూడా ఉంటుంది, దాని కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. గేటు లోపల జరిగింది కాబట్టి అది పబ్లిక్ ప్లేస్ కాదని బీమా కంపెనీ మొదటి కొర్రీ వేస్తుంది. జనం వచ్చిపోయే కలెక్టరేట్ ఆవరణకైతే ఆ కొర్రీ బలహీనం, గేట్ పాస్ లేనిదే అడుగుపెట్టలేని గని ఆవరణకైతే దాని మీద గట్టిగా వాదించాల్సి రావచ్చు.

8. గుద్దింది మీరే అయితే

అందరూ బాధితులే అయితే సొట్టలు పెడుతున్నదెవరు? బండి వెనక్కి తీస్తూ చిన్న చప్పుడు వింటారు. చుట్టూ చూస్తారు, ఎవరూ లేరు. రాత్రి తొమ్మిదైంది, ఇంట్లో ఎదురుచూస్తుంటారు. ఆ నిమిషంలో చేయాల్సింది ఒకటే: చీటీ. ‘మీ కారు ఎడమ తలుపుకు నా బండి తగిలింది. పొరపాటు నాది. నా నంబరు ఇది, రేపు మాట్లాడదాం.’ వైపర్ కింద పెట్టి, దాని ఫొటో తీసుకుని పోండి. కెమెరాలో కనబడ్డాక వచ్చి ఒప్పుకున్నవాణ్ని దొంగ అంటారు, ముందే చీటీ పెట్టినవాడికి బిల్లులో కూడా కొంత తగ్గింపు దొరుకుతుంది.

పోలీసుల దాకా పోతారేమోనన్న భయం కొందర్ని పారిపోయేలా చేస్తుంది. కావాలని చేసిన నష్టమే భారతీయ న్యాయ సంహిత 324 సెక్షన్ కింద నేరం. పొరపాటున తగిలిన గీత అందులోకి రాదు, అది డబ్బుతో తీరే సివిల్ వ్యవహారం. తాళంతో కావాలని గీసినవాడి సంగతి వేరు.

9. టీ కొట్టు, ఆ తర్వాత లోక్ అదాలత్

డబ్బు సంగతి పదిమందిలో కాదు, టీ కొట్టు దగ్గర ఇద్దరే మాట్లాడుకోండి. ఇద్దరూ కలిసి మెకానిక్ దగ్గరికి పోవడం మేలు. ఇరవై రోజుల కింద పడ్డ పాత సొట్టను కూడా ఈ బిల్లులో కలపాలనిపిస్తుంది. కలపకండి, ఎదుటివాడికి తెలిసిపోతుంది. తీసుకున్న డబ్బుకు ఫోన్‌పేలో ‘స్కూటీ అద్దం, లివరు, పూర్తి’ అని రాయించుకుంటే చాలు.

మాటల్లో తెగకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 2022 జూన్ నుంచి జనగామ, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాలకూ సొంత జిల్లా కోర్టులు వచ్చాయి కాబట్టి వరంగల్ దాకా పోనక్కర్లేదు. కేసు వేయకముందే అక్కడి లోక్ అదాలత్‌కు అర్జీ ఇవ్వొచ్చు, కోర్టు ఫీజు లేదు, రాజీ కుదిరితే దానికి డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. జనగామ జూనియర్ అసిస్టెంటూ అందులోకి వస్తుంది, భూపాలపల్లి బాయి కార్మికుడూ వస్తాడు. నష్టపరిహారం దావాకు మూడేళ్ల గడువుంది, కానీ మూడేళ్లు ఆగితే కెమెరా ఆగదు.

10. రాసివ్వండి

పైవాటిలో ఏది చేసినా చేయకపోయినా ఈ పని మాత్రం అదే రోజు చేయండి. అరపేజీ చాలు. జనగామ ఆమె ఉత్తరం ఇలా ఉండొచ్చు:

‘నా తెల్ల స్కూటీని ఈ ఉదయం 10:20కి సిబ్బంది స్టాండులో మూడో స్తంభం దగ్గర పెట్టాను. మధ్యాహ్నం 1:40కి బాగానే ఉంది. సాయంత్రం 5:30కి పడిపోయి, అద్దం, బ్రేకు లివరు పాడై, పక్కభాగం మీద ఎర్ర గీతతో కనిపించింది. ఫొటోలు జత చేశాను. ఆ సమయం సీసీటీవీ దృశ్యాన్ని చెరిగిపోకుండా భద్రపరచి, నా సమక్షంలో చూపించవలసిందిగా కోరుతున్నాను. స్టాండులో మూడో స్తంభం దగ్గరి లైటు రెండు నెలలుగా వెలగడం లేదని కూడా మీ దృష్టికి తెస్తున్నాను.’

నింద లేదు, ఎవరి పేరూ లేదు, పరిహారం అడగలేదు. చివరి వాక్యం మాత్రం రేపు ఇంకొకరి బండి పడ్డప్పుడు ‘మాకు తెలియదు’ అనకుండా చేస్తుంది. రెండు కాపీలు తీయండి. ఒకటి లోపలిచ్చి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేసే గుమస్తా ఐదున్నరకు బీరువాకు తాళం వేసుకుని బయల్దేరిపోతాడు. ఆయన బండి కూడా ఆ స్టాండులోనే ఉంటుంది, అక్కడికే కాగితం పట్టుకెళ్లండి.